పొడవు రెండింతలైతే ఖర్చు ఎన్నింతలు?

పటం మీద గీత గీసి కొలిస్తే రాయికల్‌కు అతి దగ్గరి సముద్రతీరం దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అయినా ఈ ఊరికి పడవ కొత్త కాదు. మండలానికి ఉత్తరపు హద్దు గోదావరి. బోర్నపల్లి దగ్గర ఇప్పుడు వంతెన ఉంది గానీ, వంతెనలు లేని కాలంలో ఈ నదిని దాటించినవి పడవలూ పుట్లే. చుట్టుపక్కల చెరువుల్లో గంగపుత్రులు, ముదిరాజులు తెప్పల మీద తిరిగి చేపలు పడతారు. సిరిసిల్ల వైపు పోతే మిడ్‌మానేరు జలాశయం ఉంది, కరీంనగర్ దగ్గర దిగువ మానేరులో షికారు పడవలు నడుస్తాయి. ఇక జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి బతుకుదెరువుకు దుబాయి పోయినవాళ్లు అక్కడి క్రీక్‌లో చెక్క ధౌ పడవలనూ, మెరీనాలో కట్టేసిన తెల్లని యాచ్‌లనూ రోజూ చూస్తూనే ఉంటారు.

చెరువులో తెప్ప ధరకూ మెరీనాలో యాచ్ ధరకూ పోలికే లేదు. కానీ కొనేవాడి సందేహం రెండు చోట్లా ఒక్కటే: నా దగ్గరున్న పైసలకు ఎంత పడవ సరిపోతుంది? అమ్మేవాడు దీనికి అడుగుల్లో జవాబు చెబుతాడు. ఇరవై అడుగులది ఇంత, ముప్పై అడుగులది ఇంత అంటాడు. పొడవు సులభంగా కొలవగలిగే సంఖ్య కాబట్టి అదే ముందుకొస్తుంది. నిజానికి పడవ గురించి అన్నిటికంటే తక్కువ చెప్పే సంఖ్య కూడా అదే. పొడవు పెరిగినప్పుడు వేగం ఒక తీరుగా, రంగు ఖర్చు ఇంకో తీరుగా, బరువు మరో తీరుగా పెరుగుతాయి. ఈ తేడాలు పట్టుకుంటే బడ్జెట్ లెక్క దానంతట అదే తేలుతుంది.

సెంటీమీటరుకు పది కిలోలు

మొదట ఆర్కిమిడిస్ సూత్రం. తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువున్న నీటిని పక్కకు నెడుతుంది. మంచినీటి విషయంలో దీన్నుంచి నోటికి వచ్చే లెక్క ఒకటి తయారవుతుంది: అడుగు చదునుగా ఉన్న పడవ, తన అడుగు వైశాల్యంలో ప్రతి చదరపు మీటరుకు పది కిలోల చొప్పున బరువు ఎక్కితే ఒక సెంటీమీటరు మునుగుతుంది.

చెరువులో కనిపించే థర్మకోల్ తెప్పనే తీసుకుందాం. మీటరున్నర పొడవు, మీటరు వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల మందం ఉందనుకుందాం. వైశాల్యం ఒకటిన్నర చదరపు మీటర్లు కాబట్టి సెంటీమీటరు మునకకు పదిహేను కిలోలు. 65 కిలోల మనిషి, వల, చేపలు కలిపి ఇంకో 30 కిలోలు, తెప్ప సొంత బరువు నాలుగైదు కిలోలు, మొత్తం వంద. ఏడు సెంటీమీటర్లు కూడా మునగదు. అంత బరువు మోయడానికి ఇంతకంటే చవకైన వస్తువు దొరకడం కష్టం. ఒక్కడు, ఒక వల, అలలు లేని నీళ్లు, పొద్దుగూకేలోపు ఒడ్డు. ఈ నాలుగు షరతుల్లోపల తెప్పను మించిన పడవ లేదు.

పుట్టి దీనికి అక్కలాంటిది. వెదురు బద్దలతో బుట్టలా అల్లి, పూర్వం తోలు, ఇప్పుడు టార్పాలిన్‌గానీ ప్లాస్టిక్ పట్టాగానీ తొడిగి తారు పూస్తారు. ఫైబర్ పుట్లూ వచ్చాయి. రెండు మీటర్ల అడ్డకొలత ఉన్న పుట్టికి అడుగు వైశాల్యం మూడు చదరపు మీటర్లకు పైనే. అంటే సెంటీమీటరుకు 31 కిలోలు. ఇద్దరు మనుషులు, వలలు, చేపలు, పుట్టి బరువు కలిసి 230 కిలోలైతే ఏడున్నర సెంటీమీటర్ల మునక. పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, చదునైన అడుగు ఉన్న పడవకు ఇదే సంఖ్య 45 కిలోలు.

ఇక్కడే మొదటి పాఠం ఉంది. ఎంత బరువు వేస్తాం, ఎంత మునిగితే భయం లేదు అన్న రెండు సంఖ్యలు రాసుకుంటే కావలసిన వైశాల్యం వచ్చేస్తుంది. పొడవు ఆ తర్వాత పుట్టే సంఖ్య.

గుమ్మి లెక్క

వడ్లు పోసే గుమ్మిని ఎత్తులోనూ అడ్డంలోనూ రెండింతలు చేయించామనుకోండి. అల్లడానికి వెదురు నాలుగింతలు పడుతుంది, అందులో పట్టే వడ్లు ఎనిమిదింతలు. పడవ కూడా ఇంతే. ఒకే ఆకారాన్ని అన్ని వైపులా రెండింతలు పెంచితే తడిసే ఒంటి వైశాల్యం నాలుగింతలు, తోసేసే నీరు, అంటే పడవ బరువు, ఎనిమిదింతలు అవుతుంది. కలపైనా ఫైబరైనా ఇనుమైనా కొనేది బరువును బట్టే. కాబట్టి పడవ ధర పొడవును అనుసరించదు. స్థూలంగా పొడవు ఘనాన్ని అనుసరిస్తుంది.

ఇంత ఖర్చు పెట్టి పొందే వేగం ఎంత? నీటిని చీల్చుకుంటూ పోయే పడవ తన ముందూ వెనకా అలలు లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరిగి, ఒక దశలో పడవ పొడవుకు సమానమవుతుంది. అంతకు మించి పోవాలంటే పడవ తాను లేపిన అలనే ఎక్కాల్సి వస్తుంది. 19వ శతాబ్దంలో విలియం ఫ్రూడ్ అనే ఆంగ్లేయ ఇంజనీరు తొట్టిలో నమూనా పడవలను లాగి ఈ అలల లెక్కకు పునాది వేశాడు. నీటి గీత దగ్గర పొడవును అడుగుల్లో కొలిచి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే గంటకు ఎన్ని నాటికల్ మైళ్లన్న హద్దు వస్తుంది.

నీటి గీత దగ్గర 26 అడుగులున్న పడవకు ఈ హద్దు 6.8, నలభై అడుగుల దానికి 8.5. వేగం నాలుగోవంతు కూడా పెరగలేదు. అదే ఆకారంలో కట్టి ఉంటే బరువు మాత్రం మూడున్నర రెట్లు దాటింది. ఖర్చు ఘనం తీరున, వేగం వర్గమూలం తీరున. పెద్ద పడవ కొనేవాడు జేబు తడుముకోవాల్సింది ఈ రెంటి మధ్య దూరాన్ని చూసి.

బడ్జెట్టే కొలతను నిర్ణయించిన పడవ ఒకటుంది. హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు తెరచాప నేర్చుకునే చిన్న పెట్టెలాంటి పడవను చూసే ఉంటారు. దాని పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ దాన్ని గీశాడు. ఆయనకు పెట్టిన షరతు ఖరీదు యాభై డాలర్లు దాటకూడదని. ప్లైవుడ్ బజార్లో ఎనిమిది అడుగుల పలకగా దొరుకుతుంది. పలకకు అతుకు పెడితే పని పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. అందుకే పడవ ఎనిమిది అడుగులకు కాస్త తక్కువలో, 2.3 మీటర్ల దగ్గర ఆగింది. ముక్కు కూడా మొద్దుగా కోసేశాడు. డబ్బునూ దొరికే సరుకునూ ముందు రాసుకుని, వాటిలోంచి పొడవును పుట్టించిన లెక్క అది. ప్రపంచమంతటా పిల్లలు ఈ రోజుకీ అదే పడవలో నేర్చుకుంటున్నారు.

ఏ నీళ్లలో?

పడవ చిన్నదైతే డబ్బు మిగులుతుంది సరే, ఎంత చిన్నది? కింది హద్దు గీసేది అల. నీటి మీద గాలి ఎంత దూరం అడ్డు లేకుండా వీస్తే అల అంత పెరుగుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి కిలోమీటరు వెడల్పున్న చెరువు మీద వీస్తే, తీర ఇంజనీర్ల సూత్రం ప్రకారం ఆవలి ఒడ్డున లేచే అలల ఎత్తు సుమారు 16 సెంటీమీటర్లు, శిఖరానికీ శిఖరానికీ మధ్య దూరం మూడు మీటర్ల లోపు. అదే గాలి పెద్ద జలాశయం మీద పది కిలోమీటర్లు వీస్తే అల అర మీటరు లేస్తుంది, శిఖరాల మధ్య దూరం పదమూడు మీటర్ల దాకా పోతుంది.

చెరువు అలలో పుట్టి ఊగుతుంది గానీ మునగదు. దాని అంచు నీటిపైన ముప్పై సెంటీమీటర్లున్నా చాలు. నాలుగు మీటర్ల పడవైతే ఒకేసారి రెండు శిఖరాల మీద ఆనుకుంటుంది కాబట్టి ఊగడం కూడా తగ్గుతుంది. కానీ అర మీటరు అల ముందు ముప్పై సెంటీమీటర్ల అంచు ఎందుకూ కొరగాదు. చెరువుకు సరిపోయిన పుట్టిని జలాశయం నడిమధ్యకు తీసుకుపోవడం ఎందుకు ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే లెక్క అక్కర్లేదు. నీరు కొత్తగా నిండిన జలాశయంలో ఇంకో చిక్కుంది. మునిగిన చెట్ల మోళ్లు, గోడలు నీటి కిందే ఉంటాయి. లోతుగా మునిగే పడవకు, ప్రొపెల్లరుకు అవి శత్రువులు. అక్కడ తక్కువ మునకే సుగుణం.

కాబట్టి పడవ కొనేముందు నీటిని కొలవాలి. ఏడాదిలో ఎన్ని రోజులు ఏ నీటిలో తిరుగుతాం అన్నది రాసుకోవాలి. మూడొందల రోజులు చెరువులో, పది రోజులు పెద్ద జలాశయంలో అయితే చెరువుకు తగ్గ పడవ కొని, ఆ పది రోజులకు అద్దె పడవ తీసుకోవడమే లాభం. ఆ పది రోజుల కోసం కొన్న పెద్ద పడవకు మిగిలిన రోజులన్నీ ఖర్చు పెట్టాల్సి వస్తుంది.

వెడల్పు చేసే మేలు

పక్కకు ఒరగకుండా పడవను నిలబెట్టే గుణం పొడవుతో మామూలుగానే పెరుగుతుంది. వెడల్పుతో మాత్రం ఘనం తీరున పెరుగుతుంది. పన్నెండడుగుల పడవ వెడల్పును నాలుగు నుంచి అయిదు అడుగులకు పెంచితే ఒరుగుడును తట్టుకునే బలం దాదాపు రెండింతలవుతుంది. అడుగు చెక్క పెరిగింది పావు వంతే. నిలబడి వల విసిరేవాడికి, పిల్లల్ని ఎక్కించుకునే షికారు పడవకు, పొడవుకు పెట్టే ప్రతి రూపాయి కంటే వెడల్పుకు పెట్టే రూపాయి ఎక్కువ పని చేస్తుంది. పుట్టి గుండ్రంగా ఉండటంలో ఉన్న తెలివి ఇదే.

దీనికీ హద్దుంది. వెడల్పాటి పడవకు తెడ్డు బరువవుతుంది, గమనం మందమవుతుంది. పెద్ద అల పక్కనుంచి వస్తే వెడల్పాటి పడవ ఆ అల వాలుతోపాటే వాలుతుంది. ఒకసారి బోర్లాపడితే బోర్లానే అంతే నిలకడగా ఉంటుంది. అందుకే సముద్రయానానికి కట్టే యాచ్‌ల అడుగున సీసమో ఇనుమో కట్టిన బరువైన కీల్ ఉంటుంది. పడవ ఒరిగితే ఆ బరువు వెనక్కు లాగుతుంది. ఆ బరువుకూ ధర ఉంది. లోతు నీటికి పనికొచ్చే ఆ కీల్ చెరువులో బురదలో దిగబడుతుంది.

మనిషి చేతులు పెరగవు

పడవ ఎంత పెరిగినా పెరగనిది ఒకటుంది, మనిషి. ఆరడుగుల మనిషి ఇరవై అడుగుల పడవలోనూ ఆరడుగులే, నలభై అడుగుల దానిలోనూ ఆరడుగులే. చిన్న పడవ లోపల నిటారుగా నిలబడేంత ఎత్తు కావాలని పట్టుబడితే పైభాగం పెరిగి గాలికి గోడలా తగులుతుంది, బరువు పైకి చేరి నిలకడ తగ్గుతుంది. లోపల కూర్చుని వండుకుంటే చాలనుకున్నవాడికి చవకగా మంచి పడవ దొరుకుతుంది.

చేతి బలం సంగతీ అంతే. గంటకు 36 కిలోమీటర్ల గాలి ప్రతి చదరపు మీటరు తెరచాప మీద సుమారు ఆరు కిలోల ఒత్తిడి పెడుతుంది. ఇరవై చదరపు మీటర్ల తెరచాప మీద 120 కిలోలు. తాడును చర్ఖీకి రెండు చుట్లు వేసి ఒక మనిషి అదుపు చేయగలడు. పడవ పొడవు రెండింతలైతే తెరచాప ఎనభై చదరపు మీటర్లు, ఒత్తిడి అర టన్నుకు చేరువ. గాలి వేగం కూడా రెండింతలైతే ఈ సంఖ్యలన్నీ మళ్లీ నాలుగింతలు. అప్పుడు పెద్ద చర్ఖీ కావాలి, దాన్ని తిప్పడానికి కరెంటు మోటారు, మోటారుకు బ్యాటరీలు, బ్యాటరీలకు జనరేటరు. ఒక్కో వస్తువూ ఇంకో వస్తువును వెంటబెట్టుకుని వస్తుంది. తెరచాప గుడ్డ చూడబోతే సిరిసిల్ల మరమగ్గాలకు తెలిసిన పాలియెస్టర్ పోగే. కాకపోతే పోగు పక్కన పోగు గాలి చొరనంత బిగువుగా నేసి, సాగకుండా రెసిన్ పట్టిస్తారు. పడవ పెద్దదయ్యేకొద్దీ గుడ్డ గజాలూ పెరుగుతాయి, మందమూ పెరుగుతుంది.

అందుకే పడవ కొలతకు పైహద్దు గీయాల్సింది ఎక్కేవాళ్లలో బలహీనుడి చేతులను చూసి. భార్యాభర్తలిద్దరే పోయేటట్టయితే ఒకరు జ్వరంతో పడుకున్నప్పుడు రెండోవారు ఒంటరిగా లంగరు లేపగలగాలి, తెరచాప దించగలగాలి.

ప్రపంచాన్ని చుట్టిన మూడు పడవలు

ఈ లెక్కలు కాగితం మీదివేనా? మూడు పడవలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది సెరాఫిన్. అమెరికాలోని కాలిఫోర్నియాలో లారీ పార్డీ, లిన్ పార్డీ దంపతులు సొంత చేతులతో కట్టుకుని 1968లో నీట దించిన పడవ. పొడవు ఇరవైనాలుగు అడుగుల పైచిలుకు, బరువు అయిదు టన్నులకు కాస్త అటూ ఇటూ, ఇంజను లేదు. దానిలోనే ఇద్దరూ ఏళ్ల తరబడి తిరిగి ప్రపంచాన్ని చుట్టొచ్చారు.

రెండోది సుహైలీ. ముప్పైరెండు అడుగుల ఈ టేకు పడవను 1960ల్లో బొంబాయిలో మన వడ్రంగులు కట్టారు. బరువు పది టన్నుల దరిదాపు. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ దీనిలో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా 312 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టి 1969 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ చేరాడు. అలా చుట్టిన మొదటి మనిషి ఆయనే. సెరాఫిన్ కంటే సుహైలీ పొడవు మూడోవంతు ఎక్కువ, బరువు రెండింతలు. పాత తీరు చెక్క పడవలు కాబట్టి గుమ్మి లెక్క ఇక్కడ దాదాపు అచ్చంగా సరిపోయింది.

మూడోది మన నౌకాదళానిది, గోవాలో కట్టిన ఐఎన్‌ఎస్‌వీ తారిణి. 2017 సెప్టెంబరులో దీనిలో గోవా నుంచి బయల్దేరి 2018 మేలో తిరిగొచ్చిన ఆరుగురు మహిళా అధికారుల్లో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. తారిణి పొడవు 56 అడుగులు. సుహైలీని అదే ఆకారంలో 56 అడుగులకు పెంచితే యాభై టన్నులు దాటాలి. తారిణి బరువు 23 టన్నులే. ఫైబర్‌గ్లాస్‌తో కట్టే కొత్త పద్ధతి బరువును సగానికి పైగా కోసింది. గుమ్మి లెక్క ఒకే ఆకారం, ఒకే సరుకు ఉన్నంతవరకే నడుస్తుందని ఇది గుర్తు చేస్తుంది. అయితే తేలిక సరుకుతో పడవ కట్టడానికి మంచి పనివాళ్లు, మంచి పర్యవేక్షణ కావాలి. బరువులో మిగిలిన డబ్బులో కొంత అటు పోతుంది.

ఇక వేగం చూడండి. సుహైలీ సగటున గంటకు 4 నాటికల్ మైళ్లు పోయింది. తారిణి 21,600 నాటికల్ మైళ్లను 199 సముద్రదినాల్లో దాటింది, అంటే సగటున నాలుగున్నర. దారులు, గాలులు, పద్ధతులు వేరు కాబట్టి ఇది పందెం పోలిక కాదు. అయినా పొడవు ముప్పావువంతు పెరిగిన చోట సగటు వేగం ఎనిమిదోవంతే పెరగడం మరిచిపోకూడని సంగతి. తారిణికి ఆ కొలత తగినదే. ఆరుగురు మనుషులు, వాళ్ల తిండి, నీరు మోయాలి, దక్షిణ మహాసముద్రపు అలలను తట్టుకోవాలి. ఆ పడవ పెద్దది కావడానికి కారణం వేగం కాదు, మోత.

కొన్న తర్వాత

ధర ఒకసారి కట్టేది, పోషణ ఏటా కట్టేది. యాచ్ యజమానుల్లో వాడుకలో ఉన్న మోటు లెక్క ప్రకారం ఏటా పడవ ధరలో పదోవంతు పోషణకు పోతుంది. మెరీనా అద్దె అడుగుల లెక్కన వసూలు చేస్తారు, అది పొడవుతో పెరుగుతుంది. పడవ అడుగున పూసే రంగు, తెరచాప గుడ్డ వైశాల్యంతో పెరుగుతాయి. క్రేనుతో లేపే కూలి, లంగరు, గొలుసు బరువుతో పెరుగుతాయి. పడవ కదిలినా కదలకపోయినా వీటిలో చాలావరకు ఆగవు. ఆంధ్ర తీరంలో మరబోట్ల యజమానులకు ఇది బాగా తెలుసు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర, మోటారు పడవల వేట నిషేధం. ఆ రెండు నెలలు రాబడి సున్నా, వాయిదాలు మామూలే. పదమూడు మీటర్ల సోనా బోటు మంచు వేసుకుని రోజుల తరబడి సముద్రంలో ఉండి తెచ్చే సరుకు ఎక్కువే గానీ, ఒడ్డున కూర్చున్నప్పుడు మింగే ఖర్చూ ఎక్కువే. అవుట్‌బోర్డు మోటారున్న ఫైబర్ తెప్ప తెచ్చేది తక్కువ, కూర్చున్నప్పుడు తినేదీ తక్కువ.

లెక్క ఏ వరుసలో వేయాలి

ముందు ఏడాదికి ఎంత ఖర్చు పెట్టగలమో రాయాలి. దాన్ని పదితో గుణిస్తే ధరకు పైహద్దు వస్తుంది. చేతిలో అంతకంటే ఎక్కువ డబ్బున్నా ఈ హద్దు దాటకూడదు. దానిలో కొంత తీసి లైఫ్ జాకెట్లకు, లంగరుకు, మరమ్మతులకు పక్కన పెట్టాలి.

తర్వాత మోత. ఇద్దరు నలభై రోజుల సముద్రయానం చేయాలంటే మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున నీళ్లే 320 కిలోలు. తిండి 160, డీజిలు 85, లంగరు గొలుసులు, పనిముట్లు 300. మొత్తం 865 కిలోలు. నీటి గీత దగ్గర పన్నెండు చదరపు మీటర్ల వైశాల్యం ఉన్న పడవ దీనికి ఏడు సెంటీమీటర్లు మునుగుతుంది. రెండున్నర టన్నుల తేలిక పడవకు ఇది మూడోవంతు అదనపు బరువు, దాని నడకే మారిపోతుంది. అయిదు టన్నుల పడవ అంతగా లెక్కచేయదు. రెంటి పొడవూ ఒకటే కావచ్చు. అందుకే కొనేటప్పుడు అడగాల్సిన మొదటి సంఖ్య బరువు, రెండోది మోయగల బరువు.

ఆ తర్వాత నీరు, అంటే అల ఎత్తుకు అంచు సరిపోతుందా అన్నది. చివరగా చేతులు, ఒక్కరే నడపగలరా అన్నది. ఈ నాలుగింటినీ దాటిన పడవల్లో అతి చిన్నది ఏదో అదే మన పడవ. ఇదే వరుసలో లెక్క వేస్తే రాయికల్ చెరువులో ఒంటరిగా వల వేసే మనిషికి తెప్ప, ఇద్దరు కలిసి పనిచేసే చోట పుట్టి, మిడ్‌మానేరు మధ్యకు పోయేవాళ్లకు ఎత్తయిన అంచున్న వెడల్పాటి ఫైబర్ పడవ తేలతాయి. సముద్రం దాటాలనుకునే జంటకు పాతిక, ముప్పై అడుగుల మధ్య బరువైన పడవ తేలుతుంది. పొడవు మీద మోజుతో ఈ వరుసను తిరగేసినవాడు కట్టే జరిమానా ఘనం లెక్కన పెరుగుతుంది. అదీ ఒక్కసారితో పోదు, ఏటేటా కట్టాల్సిందే.